ఎవరి మాట మీద?

ఏప్రిల్ వచ్చిందంటే నేను పనిచేసే డయాలసిస్ కేంద్రంలో స్పిరిట్ ఘాటును కూడా మించి ఇంకో వాసన మొదలవుతుంది. మొన్న పొద్దుటి షిఫ్టులో ఒక పెద్దావిడ వచ్చి బరువు చూసే యంత్రం మీద నిలబడగానే గుప్పుమంది. జీడిమామిడి పండు వాసన. పులుపూ తీపీ కలిసి, కాస్త మత్తుగా, గొంతు పట్టేసేలా ఉంటుంది. తెల్లవారకముందే తోటకు వెళ్లి పిక్కలు ఏరి, కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కి వచ్చేసింది. కుచ్చిళ్ల మీద పండ్ల రసం మరకలు ఇంకా ఆరలేదు.

"ఈ ఎండల్లో తోటకు వెళ్లవద్దన్నాను కదమ్మా" అన్నాను.

"నేను ఏరకపోతే ఎవరు ఏరతారు బాబూ? వాన పడితే పిక్క నల్లబడిపోతుంది" అంది.

ఆవిడకు సూదులు పెట్టి, రక్తం శుద్ధి చేసే మిషను నడిపించిన నాలుగు గంటలూ ఆ వాసన గదిలోంచి పోలేదు. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టి, తాత దగ్గరికీ, అత్త దగ్గరికీ వెళ్లిపోయాను. అన్నం చల్లారిపోయింది. "ఇదంతా రాసి పెట్టండి, పిల్ల చదువుకుంటుంది" అంది తను. అందుకే రాస్తున్నాను.

*

మా తాత తోట శ్రీకాకుళం జిల్లాలో, కవిటికి దగ్గర్లో ఉండేది. సముద్రం కనిపించదు కానీ రాత్రిపూట హోరు వినిపిస్తుంది. ఉద్దానం అని పిలిచే ఆ తీర ప్రాంతం నేల అంతా ఇసుకే. పైన కొబ్బరి, దాని కింద పనస, జీడిమామిడి, ఖాళీ ఉన్నచోట మునగ, అరటి. ఎండ నేలను తాకాలంటే ఇన్ని ఆకులను దాటుకుని రావాలి. మేం పిల్లలం వేసవి సెలవుల్లో చెప్పుల్లేకుండా తిరిగినా కాళ్లు కాలేవి కావు.

జీడిమామిడి కాపు రోజుల్లో తాత మమ్మల్ని చీకటితోనే లేపేవాడు. రాత్రంతా రాలిన పండ్లు ఎండుటాకుల మీద పడి ఉండేవి. పండును ఎడమ చేత్తో పట్టుకుని, కింద వేలాడే పిక్కను కుడిచేత్తో మెలితిప్పితే టక్కుమని ఊడి వస్తుంది. పిక్కలు తాటాకు బుట్టలోకి, పండ్లు పశువులకి. మంచి పండు దొరికితే ఉప్పు రాసుకుని చీకేవాళ్లం. అది గొంతులో పట్టేసి సాయంత్రం దాకా మాట బొంగురుగా వచ్చేది.

పిక్కలు కాల్చడం మా మేనత్త పని. అప్పటికి ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు. పాత కిరోసిన్ డబ్బా రేకుకు మేకుతో చిల్లులు పొడిచి, మూడు రాళ్ల మీద పెట్టి, కింద కొబ్బరి మట్టలతో మంట వేసేది. పచ్చి పిక్కలు వేడెక్కేసరికి పెంకులోని జీడి నూనె బుసబుసా బయటికి వచ్చి అంటుకునేది. నల్లటి పొగ. ఆ పొగకు ఎదురుగా నిలబడితే మర్నాటికి ముఖం పొక్కిపోతుంది. గాలి ఎటు వీస్తోందో చూసి మమ్మల్ని అటునుంచి ఇటు జరిపేది. మంట రేగగానే రేకును కర్రతో తోసి ఇసుకలో దొర్లించేది. చల్లారాక మా చేతులకు కొబ్బరినూనె రాసి, ఒక రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టమనేది. మేం కొడితే పప్పు నుజ్జయ్యేది. ఆమె కొడితే పెంకు రెండుగా విచ్చుకుని పప్పు గుండ్రంగా, చెక్కుచెదరకుండా చేతిలోకి వచ్చేది. ఎంత బలంతో కొట్టాలో ఆమె మణికట్టుకు తెలుసు.

*

తాత రంగం వెళ్లొచ్చిన మనిషి. రంగూన్‌ను మా వైపు పెద్దవాళ్లు అలాగే అనేవారు. ఇచ్ఛాపురం దాటాక గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కితే బర్మా. ఊళ్లోకి మేస్త్రీ వచ్చేవాడట. ముందుగా కొంత డబ్బు ఇంట్లో ఇచ్చి, కుర్రాళ్లను బియ్యం మిల్లుల్లోకో, రేవులో బస్తాలు మోయడానికో జట్టుగా తీసుకుపోయేవాడు. మా తాతా అలాగే వెళ్లాడు. మీసం సరిగా రాని వయసు.

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేసేవాళ్లు చెల్లాచెదురయ్యారు. ఓడల్లో చోటు దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు కాలినడకన బయలుదేరారు. తాత ప్రోము మీదుగా, టాంగప్ కనుమ దాటి, అక్యాబ్ చేరి, అక్కడి నుంచి చిట్టగాంగ్ వచ్చాడు. దారిపొడుగునా కలరా. ఆ కథలో ఆయన ఎక్కువగా చెప్పింది బాంబుల గురించి కాదు, నీళ్ల గురించి. ఏ వాగు నీళ్లు తాగాలో, ఏవి తాగకూడదో పక్కవాడిని అడిగి తాగినవాళ్లు చాలామంది దారిలోనే ఉండిపోయారని, ఎంత దాహమేసినా తాను కాచి చల్లార్చిన నీళ్లే తాగానని చెప్పేవాడు.

ఒక రాత్రి కొబ్బరి ఆకుల చాప మీద మమ్మల్ని పడుకోబెట్టుకుని ఇంకో మాట చెప్పాడు. నడుస్తున్నన్ని రోజులూ ఆయన మనసులో ఒకటే ప్రశ్న తిరిగిందట. "నేను రంగం ఎందుకు వచ్చాను? ఎవరి మాట మీద వచ్చాను?" మేస్త్రీ రమ్మన్నాడు. పక్కింటి కుర్రాడు బయలుదేరాడు. తండ్రి డబ్బు పుచ్చుకున్నాడు. తాను మాత్రం ఎక్కడా 'వెళ్తాను' అనలేదు. పని నచ్చిందా అని ఎవరూ అడగలేదు, తననూ తాను అడుక్కోలేదు.

"ఊరు చేరాక మళ్లీ మేస్త్రీలు వచ్చారురా. ఈసారి అస్సాం అన్నారు. నేను వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపేశాను. రంగంలో బస్తాలు మోసినన్నాళ్లూ నాకు హాయిగా అనిపించినది ఒక్కటే. మిల్లు వెనక ఒక ముసలి బర్మావాడు పాదులు తవ్వుకునేవాడు. సాయంత్రం పూట వెళ్లి వాడికి నీళ్లు పోసి వచ్చేవాణ్ణి. కూలి లేదు, ఏమీ లేదు. అది గుర్తొచ్చింది. అందుకని మొక్కలు పెట్టాను."

ఆ ఇసుక నేలను అప్పట్లో ఎవరూ ఖాతరు చేసేవారు కాదట. దూరం నుంచి కావిళ్లతో నీళ్లు మోసి కొబ్బరి మొక్కలు బతికించాడు. ఇంట్లో ఎవరు ఏ కొత్త పనికి బయలుదేరినా ఆయన అడిగేది ఒక్కటే. "ఎవరి మాట మీద?"

*

ఆ ప్రశ్నకు మా నాన్న ఇచ్చిన జవాబు కూడా చెప్పాలి. నాన్న భిలాయి బయలుదేరాడు. అక్కడ కట్టుబడి పనులకు మా మండలం నుంచి చాలామంది వెళ్లేవారు. తాత అరుగు మీద కూర్చుని అదే ప్రశ్న వేశాడు. నాన్న సంచి భుజాన వేసుకుంటూ "అప్పు మాట మీద, నాన్నా" అన్నాడు. అత్త పెళ్లికి చేసిన అప్పు అది. తాత ఇంకేమీ అనలేదు. లేచి, రోడ్డు దాకా నాన్న వెంట నడిచి వెళ్లాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ, తర్వాత ఎన్నోసార్లు తలచుకున్నాను. దారి ఎంచుకునే వీలు అందరికీ, అన్ని వేళలా ఉండదు. ఆ వీలు ఉన్నవాడు దాన్ని వాడుకోకపోవడం వేరు, లేనివాడు నోరు మూసుకుని బరువెత్తుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. మా నాన్న రెండో రకం మనిషి. ఆయన అలా వెళ్లడం వల్లే మాకు ఎంచుకునే వీలు కలిగింది.

నాన్న ఏడాదికోసారి వచ్చేవాడు. వస్తే అమ్మను, నన్ను పాతపట్నంలో అమ్మమ్మగారింటికి తీసుకెళ్లేవాడు. నౌపడలో పెద్ద రైలు దిగి, గుణుపూర్ వెళ్లే చిన్న రైలు ఎక్కాలి. ఆవిరి ఇంజను, బొమ్మల్లాంటి పెట్టెలు. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి మొదలై, టెక్కలి దాటి, కొండల మధ్యకు వెళ్లేది. కిటికీలో తల పెడితే కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మ కొంగు ఉండచేసి నోటితో ఊది, ఆ వేడితో కంటికి కాపడం పెట్టేది. ఎత్తు ఎక్కేచోట బండి ఎంత నెమ్మదించేదంటే, కుర్రాళ్లు దిగి దాని పక్కన నడుస్తూ రేగుపండ్లు కోసుకుని మళ్లీ ఎక్కేవారు. 1900లో మొదలైన ఆ చిన్న లైను 2004లో ఆగిపోయింది. తర్వాత పెద్ద గేజికి మారింది. ఇప్పుడు ఆ దారిలో రైలు పక్కన నడిచే వీల్లేదు.

భిలాయి గురించి నాన్న ఏమీ చెప్పేవాడు కాదు. ఆ రైల్లో మాత్రం కిటికీ పక్క సీటు నాకు ఇవ్వకుండా తనే కూర్చునేవాడు. నాకు అప్పట్లో కోపంగా ఉండేది.

*

అత్తను కాశీబుగ్గలో ఇచ్చారు. పలాస, కాశీబుగ్గ అంటే జీడిపప్పు. సందు సందుకీ ఒక కార్ఖానా. ఆ రోజుల్లో స్టేషన్‌లో దిగుతూనే కాల్చిన పెంకు వాసన ముక్కుకు తగిలేది. అత్త మొదట పెంకు కొట్టే పనికి వెళ్లింది. జీడి అంటి వేళ్ల చివర్లు నల్లగా, గరుకుగా అయిపోయాయి. నూనె రాసుకున్నా, బూడిద పూసుకున్నా చర్మం పొరలు పొరలుగా లేచేది. మా ఇంటికి వచ్చినప్పుడు పప్పులోకి చెయ్యి పెట్టడానికి జంకేది. అన్నం స్పూనుతో కలుపుకునేది.

తర్వాత పొట్టు తీసే పనిలోకి మారింది. ఆరబెట్టిన పప్పు మీది ఎర్రటి పొట్టును చిన్న కత్తితో గీరి తీయాలి. పప్పు విరిగితే గుండు కాస్తా బద్ద అవుతుంది, బద్ద కాస్తా ముక్క అవుతుంది, ధర అంతకంతకూ పడిపోతుంది. ఆడవాళ్లంతా నేల మీద వరుసగా కూర్చుని, తలలు వంచుకుని గీరుతూ ఉంటే గది నిండా చిన్న చిన్న చప్పుళ్లు. ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. నేను సెలవుల్లో వెళ్తే గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఇన్ని ముక్కలు చేతిలో పోసేది.

అక్కడి నుంచి ఆమె గ్రేడింగుకు వెళ్లింది. ఎవరూ పంపలేదు. అడిగి వెళ్లింది. ఆ సంగతి నాకు చాలా తర్వాత చెప్పింది. "పెంకు కొట్టే పనికి ఆకలి తోసింది. పొట్టు తీసే పనికి మా పక్కింటావిడ వెంట వెళ్లాను. రెండుచోట్లా కూలి కోసం చేసిన పని మరచిపోయాను కానీ, పప్పు చూడగానే ఇది ఎన్నో రకమో నాలో నేను అనుకోవడం మాత్రం ఎప్పుడూ ఆగలేదు. చిన్నప్పుడు తోటలోనూ అంతే, పిక్క చూసి లోపల పప్పు ఎంత ఉంటుందో చెప్పేదాన్ని. మేస్త్రీ దగ్గరికి వెళ్లి, నన్ను గ్రేడింగు బల్ల దగ్గర కూర్చోబెట్టి చూడండి అన్నాను."

జీడిపప్పులో 240 రకం, 320 రకం అంటే ఒక పౌనుకు సుమారుగా అన్ని గుండ్లు తూగుతాయని అర్థం. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. తూకం లేకుండా, గుప్పెట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ రకాలు విడదీసేది అత్త. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేసేవి. చివరికి ఇంటి దగ్గరే ముక్కపప్పు కొని, జల్లించి, మిఠాయి దుకాణాలకు సొంతంగా వేయడం మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లల్ని ఆ ముక్కలతోనే చదివించింది.

*

నేను డిగ్రీ అయ్యాక మందుల కంపెనీలో ప్రతినిధిగా చేరాను. తోలు సంచి, మెడలో టై, మోటారు సైకిలు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ కూడలి దాకా ఏ డాక్టరు ఏ వేళకు కూర్చుంటారో, ఏ కాంపౌండరు ఎలా మాట్లాడితే లోపలికి పంపుతాడో అంతా కంఠతా. తర్వాత విశాఖ మార్చారు. జీతం బాగానే ఉండేది. నెలాఖరు వచ్చేసరికి అమ్మకాల లెక్కతో కడుపులో తిప్పేది. నా పక్కనున్నవాళ్లకూ అంతే, అందుకని అది ఉద్యోగమంటే ఉండేదే అనుకున్నాను.

ఆ సంచిలో నేను మోసిన మందుల్లో ఒకటి కిడ్నీ రోగులకు ఇచ్చే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షను. రక్తం తయారు కావడానికి కావలసిన హార్మోనును మామూలుగా కిడ్నీలే చేస్తాయి. అవి దెబ్బతింటే అది కూడా తగ్గిపోయి మనిషి పాలిపోతాడు. అందుకే ఆ ఇంజెక్షను. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఐసు పెట్టెలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. నా లెక్కల్లో అది మంచి ధర పలికే సరుకు.

అప్పటికే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట అయింది. ఒంట్లో నొప్పి లేకుండా, షుగరూ బీపీ పెద్దగా లేకుండా, పొలం పని చేసుకునే మనుషులు కాళ్ల వాపుతో ఆసుపత్రికి వెళ్తే అప్పటికే ఆలస్యమయ్యేది. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు. ఎన్నో బృందాలు వచ్చి పరీక్షించాయి. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. మా అత్తకూ అదే వచ్చింది.

*

డయాలసిస్ కోసం అప్పట్లో మావాళ్లు విశాఖ రావలసిందే. వారానికి రెండుసార్లు. అత్త కొడుకులిద్దరూ దూరంగా ఉండటంతో విశాఖలో ఉన్న నేనే ఆమె వెంట ఉండేవాణ్ణి. వీలైనప్పుడు పలాస పాసింజరులో తిరిగి దింపి వచ్చేవాణ్ణి.

ఆ బండి విజయనగరం దాకా కిటకిటలాడుతుంది. అక్కడ సగం ఖాళీ అవుతుంది. అత్తను కిటికీ పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. ఎడమ మోచేతి మీద కట్టు. ఆ చేతిలో రక్తనాళాలు రెండు కలిపి ఫిస్టులా వేశారు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. "చూడు అల్లుడూ, లోపల తేనెటీగ దూరినట్టు లేదూ?" నిజంగానే వేళ్ల కింద సన్నగా, ఆగకుండా, జుమ్మని కదులుతోంది. ధమని నుంచి సిర లోకి నేరుగా పరుగెత్తే రక్తం అది. ఆ అదురు ఉన్నన్నాళ్లే ఆ చెయ్యి పనికొస్తుంది. అప్పటికి ఆ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు. వేళ్లకు తెలిసింది ఆ రోజే.

చీపురుపల్లి దాటాక చీకటి పడుతుంటే అడిగింది.

"విజయవాడ వెళ్తున్నావటగా?"

"అవునత్తా. మేనేజరుగా పంపుతామంటున్నారు. మా బ్యాచ్ వాళ్లందరూ ఎక్కడికో అక్కడికి వెళ్లిపోయారు."

"ఎవరి మాట మీద వెళ్తున్నావు?"

సిగడాం, పొందూరు దాటాయి. నేను జవాబు చెప్పలేదు. ఆమదాలవలసలో టీ తెచ్చి ఇస్తే, తాగడానికి కొలత ఉందని రెండు గుక్కలు తాగి మిగతాది నాకిచ్చేసింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ వారం ఇంట్లో, డాక్టర్లను కలిసిన వివరాలు రాసుకునే పుస్తకం వెనక పేజీలో గీత గీసి రాసుకున్నాను. ఒక పక్క అప్పటిదాకా తిరిగిన మలుపులు. ఇంటర్‌లో బైపీసీ, మాస్టారు చేర్చమన్నారు. డిగ్రీ కాలేజీ, స్నేహితుడు చేరాడు. కంపెనీ, టెక్కలి స్నేహితుడు దరఖాస్తు తెచ్చి ఇచ్చాడు. విశాఖ, మేనేజరు పంపాడు. ఒక్కదాని పక్కనా నా పేరు లేదు. వాళ్లెవరూ నా చెడు కోరలేదు. అందరూ మంచే కోరారు.

అక్కడితో ఆపితే దిగులు తప్ప ఏమీ మిగలదు. తాత పాదులు, అత్త పప్పు గుర్తొచ్చి, రెండో పక్క ఇంకోటి రాశాను. ఆ పనిలో ఉండగా ఎవరూ అడగకుండా నేను ఏం చేశాను? ఇది రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. డాక్టరు గది బయట నా వంతు కోసం కూర్చున్నప్పుడు, మందుల చీటీ పట్టుకుని బిక్కముఖం వేసుకున్న వాళ్లకు ఏది ఎప్పుడు వేసుకోవాలో చదివి చెప్పేవాణ్ణి. ఒక్కోసారి ఆ మాటల్లో పడి నా వంతు దాటిపోయేది. కంపెనీ శిక్షణలో ఇచ్చిన పుస్తకాల్లో అమ్మకాల భాగం వదిలేసి, కిడ్నీ ఎలా పనిచేస్తుందో ఉన్న పేజీలు మళ్లీ మళ్లీ చదివేవాణ్ణి. అత్తను మిషను దగ్గర కూర్చోబెట్టాక, బయటికి వెళ్లి కాఫీ తాగమన్నా వెళ్లకుండా గొట్టాలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో చూస్తూ నిలబడేవాణ్ణి. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇన్నేళ్లూ కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

తర్వాతి డయాలసిస్ రోజున అక్కడి టెక్నీషియన్‌ను అడిగాను, ఈ పని నేర్చుకోవాలంటే ఏం చేయాలని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, మీ జీతంలో సగం కూడా రాదన్నాడు. డిప్లొమా ఉందని చెప్పాడు.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ వెంటనే అవుననలేదు, కాదనలేదు. చిట్టా పుస్తకం తీసి, ఇంటద్దె, పిల్ల పాలు, బండి వాయిదా, తన కుట్టుమిషను మీద వచ్చేది, అన్నీ రాసింది. "విశాఖలో ఈ ఇల్లు వదిలి చిన్నింట్లోకి మారితే సరిపోతుంది" అంది. బండి అమ్మేశాం. నాకంటే చాలా చిన్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుని చదువుకున్నాను. వాళ్లు నన్ను సార్ అని పిలిచేవారు. చదువు పూర్తి కాకుండానే అత్త వెళ్లిపోయింది. చివరి రోజుల్లో నేను ఏం నేర్చుకుంటున్నానో ప్రతిదీ చెప్పించుకుని వినేది. నేను తప్పు చెబితే తన చేతి మీద చూపించి సరిదిద్దేది.

*

ఈ పనిలో నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఒక మనిషికి నాలుగు గంటలు డయాలసిస్ చేస్తే సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు ఫిల్టరులోంచి ప్రవహిస్తాయి. రక్తం ఒక వైపు, నీళ్లు ఇంకో వైపు, మధ్యలో సన్నటి పొర. ఆ నీళ్లు ఏమాత్రం తేడాగా ఉన్నా ప్రాణం మీదికి వస్తుంది. రోజూ పొద్దున్నే నేను మొదట చూసేది నీళ్లనే. కాచిన నీళ్లు తప్ప తాగనని టాంగప్ కనుమ దాటిన మనిషి మనవణ్ణి కదా.

కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లకు, కొబ్బరినీళ్లు తాగవద్దని చెప్పాలి. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఇంటి ముందు చెట్టు నిండా బొండాలు వేలాడుతుంటే, వేసవిలో నాలుక తడుపుకోవడానికి ఐసు ముక్క చప్పరించమని చెబుతాం. మా అత్త వయసువాళ్లు వింటారు. మా నాన్న వయసువాళ్లు తల ఊపి, ఇంటికి వెళ్లి తాగేస్తారు. బరువు యంత్రం అబద్ధం చెప్పదు. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన బరువంతా నీరే.

ఇప్పుడు మావాళ్లు విశాఖ దాకా పోనక్కర్లేదు. ఉద్దానంలోనే కేంద్రాలు వచ్చాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి. అత్త ఆ పాసింజరులో ఒరిగి పడుకున్న సాయంత్రాలు తలచుకుంటే, ఇవి ఇంకాస్త ముందే వచ్చి ఉంటే అనిపిస్తుంది.

*

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన తెల్లవారుజామున మా తాత తోట పోయింది. గాలి తగ్గాక తమ్ముడు ఫోను చేయడానికి కూడా తీగలు లేవు. మూడో పూటకు కబురు అందింది. కావిళ్లతో నీళ్లు పోసి పెంచిన కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయని, పనసలు మధ్యకు విరిగాయని. నేను వెళ్లలేకపోయాను. కరెంటు లేదు, జనరేటరు మీద మిషన్లు నడుపుతున్నాం. రావలసినవాళ్లు రోడ్ల మీద పడిన చెట్లు నరికించుకుంటూ, మంచాల మీద, బైకుల మీద వస్తున్నారు. డయాలసిస్ వాయిదా వేసుకునే పని కాదు.

తర్వాత వెళ్లి చూశాను. ఆకాశం అంతా కనిపించింది. చిన్నప్పుడు ఆ తోటలో నిలబడి ఆకాశాన్ని అంత చూసిన గుర్తు లేదు. తమ్ముడు చెన్నై వెళ్లిపోదామనుకున్నాడు, ఊళ్లో కుర్రాళ్లు చాలామంది బయలుదేరుతున్నారు. నేను ఏమీ అడగలేదు. అడిగే హక్కు తాతకు ఉండేది, అప్పుడు తాత కూడా నాన్న వెంట రోడ్డు దాకా నడిచాడే తప్ప ఆపలేదు. వాడే కొన్నాళ్లు ఆగి, అంటు జీడిమామిడి మొక్కలు వేశాడు. మూడు నాలుగేళ్లకే కాపు వస్తుంది, కొబ్బరికి అంతకు రెట్టింపు పడుతుంది కాబట్టి రెండూ కలిపి పెట్టాడు. కొబ్బరి కాపుకొచ్చేదాకా ఇంటిని జీడి నడిపించాలని వాడి లెక్క.

*

మా కేంద్రానికి ఒక తండ్రిని కొడుకు తీసుకొస్తుంటాడు. కుర్రాడికి పాతికేళ్లుంటాయి. చెన్నైలో కట్టుబడి పనికి ఊరివాళ్లతో కలిసి వెళ్లి, తండ్రి కోసం తిరిగొచ్చాడు. నాలుగు గంటలు ఖాళీగా కూర్చోవాలి కాబట్టి మాట్లాడుకుంటాం. ఒకరోజు వాడు, "నేనూ మీలాగే ఏదైనా కోర్సు చేయాలా అన్నా?" అని అడిగాడు. నాలాగే ఎందుకు అన్నాను. నా పుస్తకం వెనక పేజీ సంగతి చెప్పాను. కాగితం అడిగాడు, ఇచ్చాను.

రెండు వారాల తర్వాత వచ్చి చెప్పాడు. చెన్నైలో పనిచేసినన్నాళ్లూ వాడికి ఇటుకలు మోయడం గుర్తు లేదట. మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని పడుకుంటే, వాడు క్రేను ఆపరేటరు పక్కన నిలబడి మీటలు చూసేవాడట. ఆయన ఒకసారి సీట్లో కూర్చోనిచ్చాడట. అది చెబుతున్నప్పుడు వాడి కుడిచెయ్యి గాల్లో మీట పట్టుకుని కదిలింది.

తండ్రిని తీసుకురావడానికి చెల్లెలి మొగుణ్ణి ఒప్పించి, శిక్షణకు డబ్బు కూడగట్టుకుని మళ్లీ చెన్నై బండే ఎక్కాడు. ఊరివాళ్ల జట్టు లేకుండా, ఒక్కడే. లైసెన్సు పరీక్ష వచ్చే నెలలో ఉందని నిన్న వాళ్ల నాన్న చెప్పాడు. చెప్పి, ఫోను నా చేతికిచ్చి, ఆ పరీక్షలో ఏమేం అడుగుతారో చూసి పెట్టమన్నాడు.